దేవదాసు చస్తే ఏడుస్తాం, కీచకుడు చస్తే చప్పట్లు కొడతాం. తేడా ఎక్కడుంది?

ఆదివారం అబిడ్స్ | శుక్రవారం, రాత్రి 9:12

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 'దేవదాసు' తెలుగు అనువాదం పాత కాపీ ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు లేవు. బేరం ఆడకుండా నలభై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ఎవరో ఎప్పుడో చదువుతూ పుస్తకం మొత్తంలో ఒకే ఒక్క చోట నీలం సిరాతో గీత గీశారు. పార్వతి ఇక కుదరదని చెప్పాక, దేవదాసు చేతిలో ఉన్న గేలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టే చోట. గీత మీద గీత గీశారు. కాగితం కాస్త చిరిగింది కూడా.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈ వారం క్లాసులో విరాటపర్వం కథ చెప్పాను. కీచకుడు సైరంధ్రి వెంటపడటం, ఆమె తప్పించుకుని కొలువులోకి పరిగెత్తడం, అందరూ చూస్తుండగా వాడు ఆమెను తన్నడం, చివరికి భీముడి చేతిలో చావడం. చెప్పడం అయిపోయాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, కీచకుడు కూడా లవ్ చేశాడు కదా?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, జవాబూ రాలేదు.

ఇంటికొచ్చి ఆ గీత ఉన్న పేజీ మళ్లీ తీశాను. ఇద్దరూ తమను కాదన్న ఆడమనిషిని కొట్టినవాళ్లే. ఇద్దరూ అదే పిచ్చిలో పోయారు. ఒకడి కోసం డెబ్బై ఏళ్లుగా ఏడుస్తున్నాం, ఇంకొకడు చస్తే పండగ చేసుకుంటాం. ప్రేమ పిచ్చిగా మారి మనిషిని నాశనం చేసే కథల్లో అసలు పడగొట్టేది ఏది? ప్రేమ మోతాదు మించడమేనా? సోమవారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి. మీరేమంటారు?

పాత రీలు | శుక్రవారం, రాత్రి 9:50

అమ్మా, దేవదాసుని కీచకుడి పక్కన నిలబెడితే నా ప్రాణం ఒప్పుకోవడం లేదు.

మా నాన్నగారు ఆ సినిమా 1953లో విడుదలైన వారంలోనే చూశారట. నేను పుట్టాక, ఊహ తెలిశాక, మళ్లీ ఆడినప్పుడల్లా నన్ను తీసుకెళ్లేవారు. సుబ్బరామన్ గారి బాణీలు, ఘంటసాల గారి గొంతు. సినిమా వచ్చేనాటికి సుబ్బరామన్ గారు లేరు, 1952లోనే చిన్న వయసులో పోయారు. అక్కినేని కళ్లు చూశావా అమ్మా? తాగిన మనిషి కళ్లలా వాలిపోయి ఉండాలని ఆ సీన్లు రాత్రిపూట తీసేవారని, పెరుగన్నం కడుపునిండా తిని ఆ నిద్రమత్తులో నటించేవాడినని ఆయనే చెప్పుకునేవారు. నిజంగా చుక్క ముట్టకుండా అలా చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా జవాబు ఇది. కీచకుడు ఎదుటి మనిషిని పాడు చేయబోయాడు. దేవదాసు తనను తానే పాడు చేసుకున్నాడు. కర్రతో కొట్టిన వెంటనే తన చొక్కా చింపి, నీళ్లలో తడిపి ఆమె తలకు కట్టు కట్టింది కూడా వాడే కదా! ఆ ఒక్క దెబ్బకి బతుకంతా శిక్ష వేసుకున్నాడు. అందుకే ఏడుస్తాం.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ పార్వతీ సావిత్రే, సరిగ్గా పదేళ్లకు 1963లో 'నర్తనశాల'లో సైరంధ్రీ సావిత్రే. నువ్వు అడిగిన దగ్గర్నుంచి ఆ రెండు ముఖాలూ పక్కపక్కనే కనపడుతున్నాయి.

ఎర్ర సిరా | శుక్రవారం, రాత్రి 10:21

ప్రేమ, పిచ్చి అని వ్యక్తి మీదకు తోసేస్తే అసలు దోషి తప్పించుకుంటాడు. శరత్ నవల 1917లో అచ్చయింది. అందులో దేవదాసు జమీందారు కొడుకు. పార్వతి వాళ్లు పక్కింటివాళ్లే, బ్రాహ్మలే, కానీ పెళ్లిళ్లలో ఆడపిల్లకు డబ్బు తీసుకునే తక్కువ శాఖ అని దేవదాసు ఇంట్లో చిన్నచూపు. సంబంధం వద్దన్నది ఆ లెక్కతోనే. ఆ పిల్ల అర్ధరాత్రి అతని గదికి ఒంటరిగా వచ్చి అడిగింది. పరువు పోతుందని తెలిసే వచ్చింది. వాడు అమ్మానాన్నల మాట ఎత్తాడు. జమీందారీ ఇంట్లో పుట్టినవాడికి నిర్ణయం తీసుకునే అవసరమే ఎప్పుడూ రాలేదు, వచ్చిన రోజు చేతకాలేదు. వాడిని పడగొట్టింది ప్రేమ కాదు, పిరికితనం. ఆ పిరికితనాన్ని పెంచి పోషించింది ఆ ఇల్లు.

రాత్రి డ్యూటీ | శనివారం, తెల్లవారుజామున 3:35

ఇప్పుడే కాస్త ఖాళీ దొరికింది. నేను స్టాఫ్ నర్సుని, పన్నెండేళ్లుగా లివర్ పేషెంట్లను చూస్తున్నాను. నవలలో దేవదాసు పోయింది కూడా లివర్‌తోనే. డాక్టర్లు ముందే చెప్తారు, కొన్నాళ్లు మానతాడు, మళ్లీ మొదలుపెడతాడు. సినిమాలో పాట వినపడుతుంది కాబట్టి అందంగా ఉంటుంది. వార్డులో కడుపు ఉబ్బి, కళ్లు పసుపు ముద్దలై, రక్తం కక్కుకుంటుంటే పక్కన తల్లి బేసిన్ పట్టుకుని నిలబడుతుంది. ఆ తల్లిని నేను ఏ కథలోనూ చూడలేదు.

అందరూ ప్రేమ వల్ల తాగేవాళ్లు కాదు. కానీ "వీడు ఒక అమ్మాయి కోసం ఇలా అయ్యాడమ్మా" అని ఇంట్లోవాళ్లు చెప్పే కేసులు ఉంటాయి. అలాంటివాళ్లు రాత్రిపూట నిద్రపట్టక మాట్లాడతారు. గంటసేపు మాట్లాడినా ఆ అమ్మాయి ఎలాంటిదో నాకు అర్థం కాదు. ఏం చదివింది, ఏమంటే ఇష్టం, దేనికి నవ్వుతుంది, ఒక్కటీ రాదు. తను ఎంత బాధపడ్డాడో మాత్రం రోజులూ తేదీలతో సహా చెప్తాడు. జాలి ఉంది, చేయాల్సింది చేస్తాను. కానీ ఆ మాటల్లో రెండో మనిషి లేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

బెల్ మోగుతోంది, వెళ్తున్నా.

ఓయూ ఇంగ్లీష్ ఎంఏ | శనివారం, ఉదయం 8:04

రాత్రి డ్యూటీ అక్కా, మీ చివరి మాట చదివి లేచి కూర్చున్నాను. నేను ఈ సెమిస్టర్‌లో చదువుతున్న 'గ్రేట్ గాట్స్‌బీ' కథంతా అదే. 1925లో వచ్చిన నవల. చదవనివాళ్ల కోసం కొంచెం చెప్తాను.

గాట్స్‌బీ పేదవాడిగా ఉన్నప్పుడు డెయిజీ అనే డబ్బున్న అమ్మాయిని ప్రేమించాడు. యుద్ధానికి వెళ్లాడు, ఆమె ఇంకొకరిని పెళ్లి చేసుకుంది. ఐదేళ్ల తర్వాత వీడు దొంగ వ్యాపారంతో కోట్లు సంపాదించి, సరిగ్గా ఆమె ఇంటికి ఎదురుగా, నీళ్లకు ఇవతలి ఒడ్డున పెద్ద భవనం కొంటాడు. రాత్రిళ్లు అవతల ఆమె ఇంటి రేవు చివర వెలిగే పచ్చ దీపం చూస్తూ నిలబడతాడు. ఇక్కడిదాకా మన గుండె కరిగిపోతుంది. కానీ తర్వాత హోటల్ గదిలో, ఆమె భర్త ఎదురుగా, గాట్స్‌బీ అడిగేదేంటో చూడండి. తనతో వచ్చేయమని అడగడంతో ఆగడు. 'భర్తను నేను ఎన్నడూ ప్రేమించలేదు' అని ఆమె నోటితో చెప్పాలంటాడు. ఆమె ఏడుస్తూ, ఒకప్పుడు అతన్నీ ప్రేమించాను, నిన్నూ ప్రేమించాను అంటుంది. అది నిజం. నిజమైన ఆడమనిషి మాట. వాడు ఆ మాటను తీసుకోలేడు. ఐదేళ్లపాటు ఆమె బతికిన బతుకు, కన్న బిడ్డ, ఏవీ లేనట్టు తుడిచేయమని అడుగుతున్నాడు.

ఆ రాత్రి కారు యాక్సిడెంట్ అయ్యాక ఆమెకు ఏమైనా అవుతుందేమోనని వాడు ఆమె ఇంటి బయట చీకట్లో కాపలా నిలబడతాడు. లోపల వంటింట్లో ఆమె, భర్త ఎదురెదురుగా కూర్చుని ఉంటారు, మధ్యలో చల్లారిపోయిన వేపుడు చికెన్ ప్లేటు. ముట్టుకోరు. కానీ ఒక కుటుంబంలా ఉంటారు. బయట వాడు కాపలా కాస్తున్నది ఎవరికి? ఆ వంటింట్లో ఉన్న మనిషికి మాత్రం కాదు.

'వుదరింగ్ హైట్స్' నవలలో హీత్‌క్లిఫ్ కూడా ఇలాగే. వాడు ప్రేమించిన కేథరిన్, 'హీత్‌క్లిఫ్‌ని పెళ్లి చేసుకుంటే నేను చులకనైపోతాను' అనగానే విని వెళ్లిపోయాడు. తర్వాతి మాటల్లోనే ఆమె అతన్ని ఎంత ప్రేమిస్తుందో చెప్పింది. వినడానికి అక్కడ లేడు. భార్య డెస్డిమోనాకి కేసియోతో సంబంధం ఉందని అనుమానించి ఆమెను చంపేసిన షేక్‌స్పియర్ ఒథెల్లో అయితే మరీను. రుజువుగా వాడు నమ్మిన చేతి రుమాలు సంగతి కేసియోని పిలిపించి అడగమని ఆమె బతిమాలుతుంది. ఆ కాస్సేపు ఆగి ఉంటే ఆమె బతికేది.

ఇద్దరు పిల్లల తల్లి | శనివారం, ఉదయం 10:40

నేను పెద్దగా చదువరిని కాను, సినిమాలు చూస్తాను. మా అమ్మాయి ఇంటర్. రోజూ సిటీ బస్సులో వెళ్తుంది. హీరో నెలల తరబడి వెంటపడితే చివరికి ఆ అమ్మాయి నవ్వేసే సినిమాలు నేనూ చూసి మురిసిపోయాను. ఇప్పుడు అదే సీను వస్తే కడుపులో ఏదోలా ఉంటుంది. హైదరాబాద్‌లో 2014లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకోవడానికి షీ టీమ్స్ అని పోలీసు బృందాలు పెట్టారు, అంతకు ముందే 2013లో వెంటపడటాన్ని నేరం చేస్తూ చట్టం మార్చారు. అది కథల్లోకి ఎప్పుడొస్తుంది? అమ్మాయి తరఫు నుంచి చెప్తే దేవదాసు కథ కూడా భయపెట్టేలా ఉంటుందేమో.

చిక్కడపల్లి చదువరి | శనివారం, మధ్యాహ్నం 2:15

నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేవాడిని. ఇది నా రూమ్మేట్ సంగతి. ఇప్పుడు బాగున్నాడు, ఇద్దరు పిల్లలు, చెప్పమని వాడే అన్నాడు.

వాడు ఎనిమిది నెలలు రోజూ సాయంత్రం మెహదీపట్నం బస్టాప్‌లో నిలబడేవాడు. కోచింగ్‌లో కనిపించిన ఒక అమ్మాయి అక్కడ బస్సెక్కేది. మాట్లాడడు, దగ్గరికి వెళ్లడు. ఏ పాపమూ చేయడం లేదనే వాడి నమ్మకం, మా అందరి నమ్మకమూ అదే. వర్షంలో తడిసొస్తే మేమే టీ పెట్టిచ్చేవాళ్లం. చదువు పోయింది, ఇంటి నుంచి వచ్చే డబ్బు పోయింది. రాత్రి దాబా మీద పాత విషాద గీతాలు పెట్టుకుని కూర్చునేవాడు. మాకది గొప్పగా కనపడేది, నిజం చెప్తున్నాను.

ఒక రోజు ఆ అమ్మాయి బస్సెక్కకుండా నేరుగా వాడి దగ్గరకు వచ్చింది. చేతిలో టిఫిన్ బ్యాగు, పక్కన ఫ్రెండ్ కూడా లేదు. "మీరెందుకు రోజూ ఇక్కడ నిలబడుతున్నారు? నాకు భయమేస్తోంది. ఇంట్లో చెప్తే కోచింగ్ మాన్పిస్తారని చెప్పలేదు" అంది. ఆ చేతులు వణుకుతున్నాయట. అంతే, వెళ్లిపోయింది.

వాడు రూముకొచ్చి చాలాసేపు గోడకానుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే చెప్పిన మొదటి మాట: "ఆమె గొంతు నేను అనుకున్న గొంతు కాదురా." ఎనిమిది నెలలు మనసులో ఆమెతో మాట్లాడాడు, ఆమె జవాబులు కూడా వాడే చెప్పుకున్నాడు. అసలు గొంతు ఎప్పుడూ వినలేదు. ఆ గొంతుకి కొంచెం బొంగురు ఉందట, పాలమూరు యాస ఉందట. మళ్లీ ఆ బస్టాప్‌కి వెళ్లలేదు. కొన్నాళ్లు జ్వరం పడ్డవాడిలా ఉన్నాడు, తర్వాత లేచాడు.

దేవదాసు గురించి నాకు తెలియదు గానీ, వాడిని లేపింది మాత్రం ఆ గొంతే.

రాత్రి డ్యూటీ | శనివారం, మధ్యాహ్నం 3:02

ఆ అమ్మాయికి ఎంత ధైర్యం! ఒంటరిగా వచ్చి చెప్పింది. ఎనిమిది నెలలు ఆమె ఎలా ఇంటికి వెళ్లేదో అనిపిస్తోంది.

మూసీ గట్టు | శనివారం, సాయంత్రం 6:30

ఊరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నేను పురానాపూల్ దగ్గర పుట్టి పెరిగాను. మా నానమ్మ చెప్పే కథ: కులీ కుతుబ్ షా యువరాజుగా ఉన్నప్పుడు అవతలి ఒడ్డున భాగమతి కోసం వరదలో మూసీ దాటాడు, కొడుకు మునిగిపోతాడని భయపడి తండ్రి వంతెన కట్టించాడు. ఆ వంతెనే పురానాపూల్, 1578 నాటిది. యువరాజు పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే అప్పటికి పదమూడేళ్ల కుర్రాడు! భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. కథగా మాత్రం ఈ ఊరు దాన్ని వదలదు. మూసీ వరద అంటే ఏమిటో 1908లో ఈ ఊరు చూసింది, అందుకే ఆ సాహసం విలువ మా ఇళ్లల్లో బాగా తెలుసు.

ఇదే వరద ఇంకో కథలోనూ ఉంది. లీలాశుకుడు, అదే 'చింతామణి' నాటకంలో బిల్వమంగళుడు. తండ్రి తద్దినం నాటి రాత్రి, తుఫానులో, చింతామణి అనే వేశ్య కోసం ఏరు దాటాడు. దుంగ అనుకుని పట్టుకుని ఈదింది శవాన్ని. తాడు అనుకుని పట్టుకుని గోడెక్కింది పాముని. చిన్నప్పుడు ఈ కథ విని భయపడేవాడిని, ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. చేతిలో ఉన్నది శవమో దుంగో తెలియని స్థితిలో ఉన్నవాడికి, గోడకవతల ఉన్న మనిషి ఎవరో మాత్రం ఎలా తెలుస్తుంది? అయితే వాడు పాడైపోలేదు, గట్టున పడ్డాడు. ఎందుకంటే చింతామణి నోరు తెరిచింది. ఈ మోహంలో కాస్తయినా దేవుడి మీద పెట్టి ఉంటే అని చీదరించుకుంది, వాడు విన్నాడు. బస్టాప్ అమ్మాయి చేసిందీ అదే కదా.

ఏకవీర అభిమాని | శనివారం, రాత్రి 8:18

అందరూ ఒకవైపే లాగుతున్నారు, నేను అడ్డం పడతాను. విశ్వనాథ వారి 'ఏకవీర' చూడండి. మధురలో ఇద్దరు స్నేహితులు. ఒకరు మనసిచ్చిన అమ్మాయి ఇంకొకరి భార్య అవుతుంది, అటూ అలాగే. ఎవరూ ఎవరినీ వెంబడించలేదు, కొట్టలేదు. మర్యాద దాటకూడదని ఎవరికి వారు నోరు మూసుకున్నారు. అయినా నాలుగు బతుకులూ బుగ్గి అయ్యాయి. వినకపోవడం ఒక్కటే కారణమైతే ఇది ఎందుకు జరిగింది? చెప్పకపోవడం కూడా అంతే చంపుతుంది. పార్వతి చెప్పింది, దేవదాసు సమయానికి చెప్పలేదు. నా ఓటు ఎర్ర సిరా గారికే దగ్గర.

ఎర్ర సిరా | శనివారం, రాత్రి 8:55

ధన్యవాదాలు. ఇంకొకటి. ఇంతవరకు అందరం మగవాళ్ల పతనమే మాట్లాడాం. టాల్‌స్టాయ్ నవలలో భర్తను వదిలి వ్రోన్‌స్కీ అనే ప్రియుడితో వెళ్లిపోయిన 'అన్నా కరెనినా'ని వదిలేశాం. ఆమెది కూడా మితిమీరిన ప్రేమే. చివర్లో వ్రోన్‌స్కీ ప్రతి మాటలో అనుమానం, నిద్రకు నల్లమందు, చివరికి గూడ్సు బండి చక్రాల కింద. కానీ ఆమె అక్కడిదాకా ఎలా వచ్చింది? ఒకే తప్పుకి అతనికి అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి, ఆమెకు అన్నీ మూసేశారు. థియేటర్‌లో పక్క బాక్సులోని ఆడమనిషి ఆమె పక్కన కూర్చోవడమే అవమానమన్నట్టు మాట్లాడి లేచి వెళ్లిపోయింది. కొడుకుని దూరం చేశారు. ప్రపంచమంతా తీసేసుకుని ఒక్క మనిషిని మిగిల్చితే, ఆ ఒక్కడి మీదే ప్రాణమంతా వాలక ఏం చేస్తుంది? దేవదాసుకి కలకత్తా ఉంది, డబ్బుంది, చంద్రముఖి ఉంది, వెంట నౌకరు ధర్మదాసు ఉన్నాడు. ఆమెకెవరున్నారు?

ఓయూ ఇంగ్లీష్ ఎంఏ | శనివారం, రాత్రి 9:20

ఇది ఒప్పుకుంటున్నాను. అన్నా విషయంలో నా మాట నిలవదు. ఆమె వింటోంది, వినపడేది ఒక్క గొంతే అయిపోయింది.

ఆదివారం అబిడ్స్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఇవే చదువుతున్నాను. పొద్దున విరాటపర్వం మళ్లీ తీశాను. క్లాసులో గబగబా చెప్పేసిన చోటు ఒకటుంది, ఈసారి అక్కడే ఆగిపోయాను.

రాత్రి. నర్తనశాలలో దీపం లేదు. కీచకుడు అలంకరించుకుని వస్తాడు. మంచం మీద పడుకున్నది భీముడు. వీడు వెళ్లి ఒంటి మీద చెయ్యి వేస్తాడు. ఎన్నాళ్లుగానో ఎవరి కోసం చచ్చిపోతున్నానంటున్నాడో ఆ మనిషి కాదని ఆ స్పర్శలో కూడా తెలియదు. పైగా అప్పుడు మాట్లాడేది ఏమిటి? నా అంతటి అందగాడు లేడని మా ఇంటి ఆడవాళ్లంతా పొగుడుతారు అని. ఆమె గురించి కాదు, తన గురించి! మన పాత కవులు ఎంత చూశారో. అది కేవలం వాడి చావు కాదు, వాడి ప్రేమ ఎలాంటిదో అక్కడ చీకట్లో చేత్తో తడిమి చూపించారు.

అందుకే ఆ అమ్మాయికి ఇలా చెప్దామనుకుంటున్నాను. లేదమ్మా, వాడికి ఆమె ఎవరో కూడా తెలియదు అని. దేవదాసు సంగతి అంత తేలిక కాదు. వాడికి పార్వతి ఎవరో తెలుసు, చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఆ రాత్రి చెయ్యి పట్టుకోలేదు, తెలిసీ కొట్టాడు. ఎర్ర సిరా గారు, మీ మాటలో నిజం నాకు ఇక్కడే అందింది. బాబాయి గారూ, కట్టు కట్టాడన్నారు. కట్టాడు. కానీ కొట్టే ముందు ఏమంటాడో గుర్తుందా? చందమామకి మచ్చ ఉన్నట్టు నీ అందానికీ ఒక మచ్చ పెడతానని అంటాడు. చేతికి దొరికిన కర్ర విసరడం వేరు, ఈ మాట చెప్పి కొట్టడం వేరు. నా ముందు ఆ పుస్తకం చదివిన మనిషి ఎందుకు అన్నిసార్లు గీశారో ఇప్పుడు తెలుస్తోంది.

అయినా నాకు దేవదాసు మీద జాలి పోలేదు. పోవాలని కూడా అనిపించడం లేదు.

పాత రీలు | ఆదివారం, రాత్రి 10:45

అమ్మా, మధ్యాహ్నం నీ పోస్టు చదివి కోపం వచ్చింది. జవాబు రాయబోయి ఆగాను. మా ఇంట్లో ఉన్న పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. నువ్వు చెప్పినట్టే ఉంది. అరవై ఏళ్లుగా ఈ కథ నాది అనుకుంటున్నాను, ఆ చందమామ మాట నాకు గుర్తే లేదు. కట్టు మాత్రం గుర్తుంది.

తర్వాత సినిమా పెట్టాను. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ ఈ సినిమా పూర్తిగా చూడదు, మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఏడుపు సినిమా కదా, అందుకనుకునేవాడిని. ఇవాళ అడిగాను ఎందుకు వెళ్తావని. "ఆ పిల్ల అర్ధరాత్రి అంత దూరం వచ్చి అడిగితే వాడు ఆలోచిస్తానంటాడు చూడండి, అక్కణ్ణుంచి నాకు చూడాలనిపించదు" అంది.

నలభై ఆరేళ్ల కాపురంలో ఈ మాట ఇవాళే విన్నాను. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. సినిమా ఆపేశాను.